పొయ్యి రాజకీయం – 11: ప్యాకెట్‌కి లేని కులం సున్నుండకి ఎక్కడిది?

గత భాగం చివర్లో బడి వంటగది గురించి రాస్తానని మాటిచ్చాను. అది కూడా వస్తుంది. కానీ ముందు మా ఇంట్లో జరిగిన ఒక పుట్టినరోజు గురించి చెప్పాలి. రాయాలా వద్దా అని మూడు వారాలు ఆగాను. రాస్తే చిన్న విషయాన్ని పెద్దది చేశానంటారు. రాయకపోతే నా కూతురికి నేను అబద్ధం చెప్పినట్టు అవుతుంది. అందుకే రాస్తున్నాను.

మా చిన్నదానికి ఏడేళ్ళు నిండాయి. ఏలూరులో మేముండే అపార్ట్‌మెంట్‌లో దాని ఈడు పిల్లలు పదిమంది దాకా ఉన్నారు. పుచ్చు పళ్ళు చూసి డాక్టరు గారు గట్టిగా చీవాట్లు పెట్టారు కాబట్టి, ఈసారి బేకరీ జోలికి పోకుండా అన్నీ ఇంట్లోనే చెయ్యాలనుకున్నాను. కిలో పొట్టు మినుములు సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాను. గుప్పెడు బియ్యం కూడా కలిపి వేయించమంది మా అమ్మ, అప్పుడు ఉండ అంగిట్లో అతుక్కోదట. పిండి పట్టించి, బెల్లం తురిమి, నెయ్యి కాచి సున్నుండలు కట్టాను. కుక్కర్లో ఉప్పు పోసి, గాస్కెట్ తీసేసి, చోడిపిండీ తాటిబెల్లంతో కేకు చేశాను. కొబ్బరి లౌజు, బియ్యప్పిండి చెక్కలు సరేసరి. కొల్లేటి చిన్న రొయ్యలు తెస్తాను, గారెలు వేద్దామన్నాడు మా ఆయన. వద్దన్నాను. మన అంతస్తులో తినని వాళ్ళున్నారు, వాళ్ళ పిల్లలు ఇబ్బంది పడకూడదు అన్నాను. చూడండి, ఎంత మర్యాదో నాది!

సాయంత్రానికి తాడేపల్లిగూడెం నుంచి మా తమ్ముడు వచ్చాడు. వస్తూ రెండు సంచుల నిండా చిప్స్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకు సీసాలు తెచ్చాడు. "ఇవి లేకపోతే పిల్లలకి పార్టీయే కాదక్కా" అన్నాడు. కోప్పడి వంటింట్లో ఓ మూల పెట్టించాను.

పై ఫ్లోర్ ఆవిడ వాళ్ళబ్బాయిని తీసుకుని వచ్చింది. మంచి మనిషి. లిఫ్టులో కలిసినప్పుడల్లా నాకు ఆరోగ్య సూత్రాలు చెబుతుంటుంది. మైదా విషమండి, పంచదార విషమండి, ప్యాకెట్ తిండి పిల్లలకి అసలు పెట్టకూడదండి అని. ఆవిడ మెచ్చుకుంటుందని మనసులో ఓ మూల ఉంది నాకు. టేబుల్ చూసి "అన్నీ మీరే చేశారా మేడమ్ గారూ?" అంది. అవునండి అన్నాను. ఆ అబ్బాయి సున్నుండ మీద చెయ్యి వేశాడు. ఆవిడ వాడి మణికట్టు మెల్లిగా పట్టుకుని, "నీకు చిప్స్ ఇష్టం కదరా నాన్నా" అంది. మూల పెట్టిన ప్యాకెట్టు ఆవిడే వెతుక్కుని, చింపి వాడి చేతికిచ్చింది. సీల్ వేసిన సీసా మూత తీసి పట్టించింది. ఆవిడ చూసి ఇంకో ఇద్దరు తల్లులు కూడా అదే దారి పట్టారు.

రాత్రి అందరూ వెళ్ళాక మా చిన్నది పళ్ళెంలో మిగిలిన సున్నుండలు లెక్కపెట్టింది. "అమ్మా, బాలేవా?" అని అడిగింది. "బాగున్నాయమ్మా, వాళ్ళకి కడుపు నిండిపోయింది" అన్నాను. పీహెచ్‌డీ చేశాను, రోజూ అరవై మంది పిల్లల ముందు నిలబడి పాఠం చెబుతాను. ఏడేళ్ళ పిల్లకి మాత్రం నిజం చెప్పలేకపోయాను.

తొందరపడి కులం అంటగట్టకూడదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బాబుకి నెయ్యి పడదేమో, జలుబు చేసిందేమో అనుకున్నాను. వారం తిరిగేసరికి ఆవిడే మా తలుపు కొట్టింది. ఇంట్లో ఏదో పూజ అయిందట, చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా. "సున్నుండలండి. మా వాడు రోజూ ఒకటి తింటాడు. మాకు తెలిసిన చోట తెప్పిస్తాం. చాలా ప్యూర్. మడితో చేస్తారు" అంది. డబ్బా మీద లేబుల్ ఉంది. కులం పేరు, పక్కన హోమ్ ఫుడ్స్ అని. కింద పదార్థాలు: మినుములు, బెల్లం, నెయ్యి.

మినుములు, బెల్లం, నెయ్యి. నావీ అవే. అయితే ఆ డబ్బాలో ఉండి నా పళ్ళెంలో లేనిది ఏమిటి?

మిత్రులారా, ఈ 'ప్యూర్' అన్న మాటని కాస్త విప్పి చూద్దాం. ఆహార భద్రతా చట్టం 2006లో వచ్చింది. తినే వస్తువు అమ్మేవాళ్ళు లేబుల్ మీద పదార్థాలు రాయాలి, తేదీ వెయ్యాలి, లైసెన్సు నంబరు వెయ్యాలి, శాకాహారమైతే పచ్చ గుర్తు పెట్టాలి. ఇవన్నీ కొనేవాడి ఆరోగ్యం కోసం. కులం పేరు ఏ ఆరోగ్యం కోసం? అందులో ప్రొటీన్ ఎంత? ఫైబర్ ఎంత? ఆ పేరు వల్ల సున్నుండ రెండు రోజులు ఎక్కువ నిలవుంటుందా? ఆ పేరు కొనేవాడికి ఒకే ఒక్క భరోసా ఇస్తుంది: ఈ పిండిని ముట్టుకున్న చెయ్యి ఎవరిదో మాకు తెలుసు, మీరు నిశ్చింతగా తినండి అని. దాన్ని శుభ్రత అంటున్నారు. మా ఊళ్ళో దానికి వేరే పేరుంది.

మా అమ్మమ్మది కొల్లేటి గట్టు ఊరు. తుంగ కోసేది, చేపలు పట్టేది, నాట్లేసేది. సంక్రాంతి ముందు కామందు గారి పెరట్లో వడ్లు దంచేది. వడ్లు దంచి, చెరిగి, నూకలు వేరుచేసి, అరిసెలకి పనికొచ్చే బియ్యం చేటలో పోసి ఇవ్వడం దాకా ఆవిడ పని. ఆ బియ్యం నీళ్ళలో పడ్డాక ఆవిడ రోలు దగ్గరికి రాకూడదు. తడిపిండి కొట్టడానికి వేరే కులం ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. "వడ్లకి మైల లేదే అమ్మలూ, నీళ్ళు తగిలాకే మైల" అని నవ్వుతూ చెప్పేది. ఆఖర్న రెండు అరిసెలు ఆవిడ చెంగులోకి పైనుంచి జారవిడిచేవాళ్ళు. అవి తింటూ పెరిగింది మా అమ్మ.

నీళ్ళు తగిలాకే మైల. ఈ ఒక్క ముక్కలో మొత్తం మడి శాస్త్రం ఉంది. పొడి గింజకి అంటు లేదు, ఎందుకంటే గింజకి అంటు ఉంటే పొలమే నడవదు. మా చెయ్యి లేకుండా గింజ ఇంటికి రాదు. అందుకని అంటుని సరిగ్గా చెంబు దగ్గర, కుండ దగ్గర మొదలుపెట్టారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్‌లో చవదార్ చెరువు దగ్గరికి వేలమందిని నడిపించి దోసిలితో నీళ్ళు తాగింది ఊరికే కాదు. గీత ఎక్కడ గీశారో ఆయనకి తెలుసు. దోసెడు నీళ్ళతో ఆ గీతని చెరిపారు. ఇవాళ ఆ గీత చెరువు గట్టు మీంచి లేచి వచ్చి ప్లాస్టిక్ డబ్బా మూత మీద కూర్చుంది. అంతే తేడా.

ఈమధ్య ఇంట్లో వంట చేసుకునేవాళ్ళు 'ఫ్రమ్ స్క్రాచ్' అన్న మాట తెగ వాడుతున్నారు. కేకు ఫ్రమ్ స్క్రాచ్, పిజ్జా ఫ్రమ్ స్క్రాచ్. అంటే మొదటినుంచీ మన చేత్తోనే చేశాం అని. తెలుగు లెక్చరర్ని కదా, ఒక చిన్న ప్రశ్న అడుగుతాను. మొదలు అంటే ఎక్కడ? సున్నుండకి మొదలు మూకుడా? మన డెల్టాలో వరి కోతకి ముందే, చేలో ఇంకా తడి ఉండగానే మినుములు చల్లుతారు. వరి కోసేస్తే ఆ తడి మీద మినుము లేస్తుంది. తయారైన చేనుని నడుం వంచి చేత్తో పీకేది ఆడకూలీలు. అందులో ఎక్కువమంది ఏ పేటల నుంచి వస్తారో ఏలూరు కాలవ వెంబడి ఏ ఊరికి వెళ్ళి చూసినా తెలుస్తుంది. తాటిబెల్లానికి మొదలు తాటిచెట్టు ఎక్కిన గీత కార్మికుడు. బెల్లానికి మొదలు చెరుకు నరికి, గానుగ దగ్గర పొగలో నిలబడినవాడు. నిజంగా ఫ్రమ్ స్క్రాచ్ వంట ఎవరైనా చేస్తున్నారంటే అది మేమే. మీరు మధ్యలో వచ్చి మూకుడు పట్టుకున్నారు. మూకుడు పట్టుకోవడం తప్పు కాదు. మేము పట్టుకుంటే మూకుడు మైలపడిందనడమే తప్పు.

ఇక చిరుధాన్యాల సంగతి. 2023ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో వీటికి 'శ్రీ అన్న' అని పేరు పెట్టారు. మా చోళ్ళకి పేరు ముందు శ్రీ వచ్చింది! సంతోషం. శ్రీనాథుడి పేరున చెలామణీ అయ్యే చాటువులు చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పల్నాటి జొన్నకూటి మీద ఎంత వెక్కిరింతో. శతాబ్దాల పాటు ఆ పద్యాల్ని నవ్వుతూ పాఠం చెప్పాం, నేను కూడా చెప్పాను. జొన్నలు, చోళ్ళు తినేవాడంటే మొరటు మనిషి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో తెల్లన్నమే గౌరవం అయింది. ఆ తెల్లన్నం పండించిన మా పేటల్లో నూకల జావ, చోడి అంబలి. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చాకే రోజూ తెల్లన్నం చూశామని మా అమ్మ చెబుతుంది. సరిగ్గా మేము తెల్లన్నానికి వచ్చేసరికి మీరు చోళ్ళకి వెళ్ళిపోయారు. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాముల పైగా కాల్షియం ఉంటుందన్నది నిజం. అది ఇవాళ పుట్టలేదు, మా అమ్మమ్మ అంబలిలో కూడా ఉంది. అప్పుడు అది కూలోళ్ళ కూడు. ఇప్పుడు కాఫీ షాపులో కుకీ.

ఇంకో నిజం కూడా చెప్పాలి, ఎందుకంటే నా వాదనకి అనుకూలమైనవే చెబితే అది వాదన కాదు. బెల్లం కూడా చాలావరకు చక్కెరే. నా సున్నుండలు తింటే పళ్ళు పుచ్చవని నేను అనను. ఇంట్లో చేసింది కాబట్టి అమృతం అనడం కూడా ఒక రకం మడే. ఇంట్లో చేస్తే దక్కేది ఒక్కటే: ఏం వేశామో మనకి తెలుసు, ఎంత వేశామో మనకి తెలుసు. అంతకుమించి మహత్తు లేదు.

'కులం పేరు పెట్టుకుని నలుగురు ఆడవాళ్ళు బతుకుతున్నారు, వాళ్ళ పొట్ట మీద కొడతావా' అంటారు. కొట్టను. అప్పడాలు వత్తి, జంతికలు పోసి పిల్లల్ని చదివించుకున్న ఒంటరి ఆడవాళ్ళు అన్ని కులాల్లో ఉన్నారు. వాళ్ళ చేతి పనికి నేను దండం పెడతాను. పనితనానికి పేరు కావాలంటే ఊరి పేరు పెట్టండి. బందరు లడ్డూకి 2017లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాపేశ్వరం కాజాకి ఏ గుర్తింపూ అక్కర్లేదు, పేరు చెబితే నోరూరుతుంది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, ఒక్క ఊపులో కుండ మీద లాగి రేకు తీయాలంటే ఏళ్ళ సాధన కావాలి. ఆ పని చెయ్యికి తెలుసు, కులానికి తెలియదు. ఊరి పేరు ఎవర్నీ గుమ్మం బయట నిలబెట్టదు.

ఈ వాక్యం రాశాక నేనే ఆగాను. ఊరి పేరు కూడా అంత అమాయకం కాదు. ఆ పూతరేకుల సీమకే 2022లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెడతామంటే మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. తగలబడ్డ ఇళ్ళలో దళిత మంత్రి ఇల్లు ఉంది. రేకు తియ్యగా ఉండాలి, పక్కన ఆ పేరు మాత్రం ఉండకూడదు. మన పశ్చిమ గోదావరి ఏమన్నా తక్కువ తిందా? 2017లో గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టినందుకు దళితుల్ని సాంఘిక బహిష్కరణ చేశారు. వెలి అంటే కత్తి, గొడ్డలి కాదు. పనికి పిలవకపోవడం. పని లేకపోతే కూలి లేదు, కూలి లేకపోతే పొయ్యి లేదు. మా పై ఫ్లోర్ ఆవిడ చేసింది అంత పెద్ద నేరమని నేను అనడం లేదు. రెండిటి విత్తనం ఒకటే అంటున్నాను.

ఇప్పుడు బడి వంటగది. వండిన మధ్యాహ్న భోజనం పెట్టాల్సిందే అని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. వంటవాళ్ళ నియామకంలో దళితులకి, ఆదివాసీలకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో చెప్పింది. కోర్టు ఉద్దేశం కూలి ఒక్కటే కాదు, పిల్లలు ఒకే గరిటె కింద కూర్చోవాలని. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లా సూఖీఢాంగ్ బడిలో దళిత మహిళ వండిన అన్నం పిల్లలు తినం అన్నారు. ఆ పిల్లలకి ఎవరు నేర్పారు? పాఠ్యపుస్తకం నేర్పలేదు. ఏదో ఒక పుట్టినరోజున, ఎవరో ఒక అమ్మ, వాళ్ళ మణికట్టు మెల్లిగా పట్టుకుని ఉంటుంది. కోప్పడి ఉండదు, కొట్టి ఉండదు. "నీకు చిప్స్ ఇష్టం కదరా నాన్నా" అని ఉంటుంది. కులం ఇలా ముద్దుగానే నేర్పుతారు.

మన రాష్ట్రంలో ఆ పథకానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఆకలన్నవాళ్ళకి అన్నం పెట్టిన తల్లి, ఆ పేరుతో నాకు పేచీ లేదు. అన్నం పెట్టినవాళ్ళని అన్నపూర్ణ అంటాం. అన్నం పండించినవాళ్ళని ఏమంటాం? కూలి. నా పేచీ ఈ భాషతో.

మా తమ్ముడి వాదన కూడా చెప్పాలి. వాడు మా అందరికన్నా తెలివైనవాడు. "నువ్వు చదువుకున్నావు కాబట్టి నీకు ఇంటి వంట ముద్దొస్తోందక్కా. మనకి ఇంటి వంట ఎప్పుడూ అవమానమే. డబ్బులిస్తే కులం అడక్కుండా తీపి ఇచ్చిన మొదటి చోటు బేకరీ. మన పేటలో క్రిస్మస్‌కి, ఏప్రిల్ 14కి కేకు ఎందుకు కోస్తాం? అది ఎవరి మడిలోనూ పుట్టలేదు కాబట్టి" అన్నాడు. దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. నిజమే. మైదా మంచిది కాదని నేను క్లాసు పీకే ముందు, ఆ మైదా కేకు మా వాళ్ళకి ఇచ్చిన గౌరవం ఏమిటో తెలుసుకోవాలి. పేదవాడి పుట్టినరోజు కేకుని చూసి ముఖం చిట్లించే ఆరోగ్యవాదులు ముందు ఈ లెక్క చూడాలి. పైగా నాలుగు రోజులు నేను పొయ్యి దగ్గర నిలబడగలిగానంటే నాకు నెల జీతం ఉంది, శనాదివారాలు ఉన్నాయి. చేపల చెరువుల మీద పనికెళ్ళే మా పిన్నికి ఏ శనివారం ఉంది? ఇంటి వంట గొప్పదని చెప్పే ప్రతివాళ్ళూ ఆ ఇంట్లో వంట చేసే ఆడమనిషి ఎన్నింటికి లేస్తుందో కూడా చెప్పాలి.

అయినా తమ్ముడితో నేను పూర్తిగా ఒప్పుకోను. బేకరీ కులం అడగదు, కానీ మనల్ని తినమని కూడా అడగదు. డబ్బు తీసుకుని ఊరుకుంటుంది. పై ఫ్లోర్ అబ్బాయి మా ఇంట్లో చిప్స్ తిన్నాడంటే మా ఇంట్లో తిన్నట్టు కాదు. ఆ ప్యాకెట్టే మడి గోడ. మూత తియ్యని సీసా, సీలు తియ్యని ప్యాకెట్టు ఉన్నంతకాలం 'మేమూ మీ ఇంటికి వస్తాం, మీతో కూర్చుంటాం' అని ఎవరైనా చెప్పుకోవచ్చు. అంబేద్కర్ ఫొటో ముందు నిలబడి సెల్ఫీ కూడా తీసుకోవచ్చు. మా చేత్తో కట్టిన ఉండ నోట్లో పెట్టుకున్న రోజే ఆ రాక నిజం. అందుకే ఇంట్లో చెయ్యడం నాకు ఆరోగ్యం విషయం మాత్రమే కాదు. సున్నుండ నాకు పరీక్ష పేపరు.

అగ్రకుల మిత్రులకి ఒక మాట. మీలో చాలామంది నా రాతలు చదివి 'సిగ్గుగా ఉందండి' అంటారు. సిగ్గుతో నాకు పని లేదు. కులం పేరున్న డబ్బా కొనడం ఆపండి. అమ్మే వాళ్ళకి ఎందుకు ఆపారో చెప్పండి. మీ పిల్లల పుట్టినరోజుకి మా పిల్లల్ని పిలవడం సులువు, పెట్టే చెయ్యి మీదే కాబట్టి. మా పిల్లల పుట్టినరోజుకి వచ్చి, ఇంట్లో చేసింది అడిగి పెట్టించుకుని, మీ పిల్లల ముందు తినండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. బెల్లం ఎక్కువైందనండి. అది నాకు గౌరవం.

మన వాళ్ళకీ ఒక మాట. అమ్మమ్మల తాటిరొట్టె, చోడి అంబలి, నూకల పాయసం రాసిపెట్టండి. మరాఠ్వాడా దళితుల వంటల మీద షాహూ పటోళె మరాఠీలో పుస్తకం రాస్తే అది 2024లో ఇంగ్లీషులోకి కూడా వచ్చింది. కొల్లేటి గట్టు మీద మన వంటలకి అలాంటి పుస్తకం ఎందుకు ఉండకూడదు? బొచ్చె, శీలావతి చెరువులు రాకముందు కొల్లేట్లో దొరికిన మట్టగిడసలు, జెల్లలు, ఇంగిలాయిలు ఎలా వండేవాళ్ళో చెప్పగలిగిన ముసలమ్మలు ఇంకా ఉన్నారు. తీపి తర్వాత కారం కూడా కావాలి కదా.

మొన్న ఆదివారం మా అమ్మ దగ్గరికి వెళ్ళాం. తాటిపండ్లు రాలే కాలం. అమ్మ పండు పిసికి గుజ్జు తీసి, బియ్యపు రవ్వ, బెల్లం కలిపి మందపాటి గిన్నెలో పోసి, కిందా పైనా నిప్పులు పెట్టింది. గంటన్నర పట్టింది. చిన్నది అంతసేపూ అక్కడే కూర్చుంది. రొట్టె దింపాక అమ్మమ్మని అడిగింది, "ఇది మా ఫ్రెండ్స్ తినరు కదా అమ్మమ్మా?" అని. మా అమ్మ నా వైపు చూసింది. ఈసారి నేను కడుపు నిండిన కథ చెప్పలేదు. వడ్ల కథ చెప్పాను. నీళ్ళు తగిలాకే మైల అన్న మాట చెప్పాను. అంతా విని, "వడ్లు దంచింది అమ్మమ్మ వాళ్ళమ్మే కదా, మరి అరిసెలు వాళ్ళెలా తిన్నారు?" అంది.

ఏడేళ్ళ పిల్ల అడిగిన ఈ ప్రశ్నని పై ఫ్లోర్‌కి పంపుతున్నాను. దాంతోపాటు తాటిరొట్టె ముక్క కూడా, గిన్నెలో పెట్టి, మూత లేకుండా. గిన్నె ఎలా తిరిగొస్తుందో వచ్చే భాగంలో రాస్తాను.

జై భీమ్.

(ఇంకా ఉంది)